ఐదున్నర అంగుళాల మనిషి

నేను ఒక కొయ్యమనిషిని. ఎత్తు ఐదున్నర అంగుళాలు. కళ్లు లేవు, ముక్కు లేదు, ఒంటిమీద నూలుపోగు లేదు. ఒక యూనివర్సిటీ రంగస్థల కళల శాఖలో ముప్పై ఏళ్లుగా కొలువు చేస్తున్నాను. స్టేజీ మీద సెట్టు కట్టే ముందు విద్యార్థులు దాని నమూనా ఒకటి అట్టతో, పుల్లలతో చేస్తారు. అడుగుకి అంగుళం లెక్క. అందులో నన్ను నిలబెడతారు. నా పక్కన పెట్టి చూస్తే తలుపు ఎంత ఎత్తో, మెట్టు ఎంత లోతో తెలిసిపోతుంది. అదొక్కటే నా పని. చూడ్డానికి వచ్చినవాళ్లు సింహాసనం అద్భుతమంటారు, స్తంభాలు అమోఘమంటారు, నన్ను చూసి మాత్రం ఎవరూ ఒక్క మాటా అనరు. నాటకం ఆడే రోజుకి నేను మళ్లీ బీరువాలో ఉంటాను.

నన్ను చెక్కింది కృపాకర్. అప్పటికాయన సారు కాదు, బక్కపలచని విద్యార్థి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర ముక్క ఒకటి ఎక్కడో సంపాదించి, గదిలో తనతో ఉండే కుర్రాణ్ణి గోడకి ఆనించి టేపుతో కొలిచి, ఐదడుగుల ఆరంగుళాలని రాసుకుని, వారం రోజులు కూర్చుని నన్ను చెక్కాడు. పొనికి మెత్తటి కర్ర, గోటితో గీసినా గీత పడుతుంది. ఆయన వేళ్లు ఎంత జాగ్రత్తగా ఉండేవో ఇప్పటికీ గుర్తుంది. ఆయనంటే నాకు ప్రాణం, ఆ మాట దాచుకోను.

ఆయన అక్కడే లెక్చరరై, ప్రొఫెసరై, కళ్లద్దాలూ పొట్టా పెంచుకున్నాక నేను ఏటా ఒక కొత్త చేతిలో పడ్డాను. ఒక ఏడు రాజుగారి కొలువు, ఇంకో ఏడు పోలీస్ స్టేషను, మరో ఏడు రైల్వే ప్లాట్‌ఫారం. విద్యార్థులు పాదాలకి జిగురు పూసి నన్ను నిలబెట్టేవారు. పరీక్ష అయిపోగానే పట్టుకుని లాగేవారు. పాదాల అడుగున ఒక పొర జిగురుతో అక్కడే ఉండిపోయేది. ఒకడు నేను వంకరగా నిలబడుతున్నానని బ్లేడుతో అరికాళ్లు చదును చేశాడు. ఇంకొకమ్మాయి గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది, పాపం మంచి మనసుతోనే. ఇన్నేళ్లలో నా పక్కన పెట్టి తలుపుల్నీ గోడల్నీ అందరూ కొలిచారు. నన్ను కొలిచినవాళ్లు లేరు. కొలబద్దని ఎవరు కొలుస్తారు?

అలాంటప్పుడు వచ్చింది వడ్లూరి భాగ్య. మహబూబాబాద్ దగ్గర తలుపులూ దర్వాజాలూ చేసే వడ్రంగి కూతురు. ఆ బ్యాచ్‌లో మిగతావాళ్లందరూ నటించడానికి వస్తే ఈ పిల్లొక్కతే సెట్టు కట్టడం నేర్చుకుంటానని వచ్చింది. డిగ్రీ చేతికొస్తే వాళ్ల వంశంలో యూనివర్సిటీ పట్టా పొందిన మొదటి మనిషి అవుతుంది. ఆ పట్టాకి ఆఖరి పరీక్షగా ఆమెకి ఒక దొర కథ ఇచ్చారు. దొర ఉండే రెండంతస్తుల గడి, ఎనిమిదడుగుల ఎత్తున మిద్దె, మిద్దెకి ముందు చెక్క రెయిలింగ్. దొర దాని మీంచి ముందుకి వంగి, కింద మోకాళ్ల మీదున్న రైతుల మీద చేతికర్ర ఝళిపించాలి. దొర వేషం ఆశన్నది. ఆదిలాబాద్ కుర్రాడు, ఆరడుగుల మనిషి.

"భాగ్యా, నీ గడి మీదికెక్కితే నిజంగనే దొరలెక్క ఒళ్లు బలుస్తున్నది" అని నమూనా చూసి వేళాకోళం చేసేవాడు.

కృపాకర్ సారుది ఒకటే పాఠం. టేపు చూడకు, మనిషిని చూడు. మనిషి అంటే నేనే. భాగ్య అలాగే చేసింది. రెయిలింగ్ నా నడుము దాకా వచ్చేటట్టు కోసి అతికించింది. అది సరిగ్గా మూడంగుళాలు వచ్చింది. కాగితం మీద మూడడుగులని గీసింది. సారు సంతకం పెట్టాడు.

శాఖలో వడ్రంగి లక్ష్మణాచారి రెయిలింగ్ బిగించి, దాని పక్కన నిలబడి చూసుకున్నాడు.

"బిడ్డా, ఇది పొట్టిగైంది. నా నడుముకే వస్తలేదు. ఆ పొడుగు పిలగానికి ఏడికొస్తది?"

భాగ్య నమూనా తెచ్చి చూపించింది. "బొమ్మకు నడుం దాక వస్తున్నది చూడు పెద్దబాపూ."

"బొమ్మ సంగతి నాకెర్కలేదు. నా సంగతి చెప్తున్న."

ఆమెకి అనుమానం పట్టుకుంది. నన్నూ నమూనానీ మోసుకుని సారు గదికి వెళ్లింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తి నన్నొకసారి చూసి నవ్వాడు. "లక్ష్మణాచారి ఇండ్లకు తలుపులు చేసేటోడమ్మా. మనం చేసేది నాటకం. ముందు వరసలో కూసున్నోనికి దొర ఛాతీ మీది గొలుసు కనపడాలె. నా బొమ్మ ముప్పై ఏండ్ల సంది తప్పు చెప్పలేదు" అన్నాడు.

ఆ క్షణంలో నాకు గర్వం కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వం మీద అసహ్యం వేస్తుంది.

వేషాలు వేసుకుని చేసే ఆఖరి రిహార్సల్ మధ్యాహ్నం పెట్టారు. నమూనా స్టేజీ ముందు బల్ల మీద ఉంది, అందులో నేనున్నాను. ఆశన్న మిద్దె మీదికి వచ్చాడు, మీసం దువ్వాడు, చేతికర్ర ఎత్తి ముందుకి వంగాడు. బాగా వంగాడు, మంచి నటుడు కదా. రెయిలింగ్ అతని తొడల పైభాగానికి తగిలింది. అంతే, ఒళ్లు బరువు ముందుకి తూగి తలకిందులుగా పడ్డాడు. కింద రైతుల వేషంలో ఉన్నవాళ్లు అది కూడా నటనేమో అనుకుని రెండు క్షణాలు అలాగే దణ్ణం పెడుతూ ఉన్నారు.

ప్రాణం దక్కింది. నడుము కింద స్పర్శ పోయింది. పెద్దాసుపత్రి డాక్టర్లు వారానికి ఆ మాట ఖాయం చేశారు.

ఎంక్వైరీ కమిటీ అన్నారు. భాగ్య రెండ్రోజులు ఏమీ తినకుండా ఆ మూడడుగులు ఎక్కడినుంచి వచ్చాయో వెతుక్కుంది. మూడో రోజు నన్ను నమూనాలోంచి ఊడదీసి స్కేలు పక్కన నిలబెట్టింది. నేను ఐదంగుళాలున్నాను. అర అంగుళం పోయింది. నా అర అంగుళం స్టేజీ మీద ఆరంగుళాలు. ఆమె నన్ను అలా పట్టుకునే చాలాసేపు ఏడ్చింది.

నేరుగా సారు దగ్గరికి వెళ్లింది. "సార్, బొమ్మ అరిగిపోయింది. మనిద్దరం చూసుకోలె. ఇద్దరం ఒప్పుకుందాం సార్" అంది. ఆయన నన్ను తిప్పి చూసి, అరికాళ్లు వేలితో తడిమాడు. "ఇక్కడ పెట్టి పో. కమిటీకి నేనే చూపిస్త" అన్నాడు. ఆమె నమ్మింది. నన్ను నమ్మినట్టే ఆయన్నీ నమ్మింది.

ఆదివారం శాఖలో ఎవరూ లేనప్పుడు ఆయన తలుపు గడియపెట్టుకుని పొనికి కర్ర ముక్క తీశాడు. మళ్లీ ఆ వేళ్లు, మళ్లీ అదే జాగ్రత్త. రెండు పాదాలు చెక్కి, అతికించి, టీ నీళ్లు పూసి పాత రంగు తెప్పించాడు. నేను మళ్లీ ఐదున్నర అంగుళాలయ్యాను.

కమిటీకి పెద్ద ఎవరో కామర్స్ ప్రొఫెసరు. లక్ష్మణాచారిని పిలిస్తే ఉన్నదున్నట్టు చెప్పాడు, రెయిలింగ్ పొట్టిగా ఉందని ఆమెతో అన్నానని. చెప్పినా వినలేదన్నట్టుగా ఆ నిజం ఆమె మెడకే చుట్టుకుంది. తర్వాత పెద్దాయన నన్ను ఆమె ముందు పెట్టి, "బొమ్మ పొట్టిదన్నావు కదమ్మా, నువ్వే కొలువు" అన్నాడు.

ఆమె కొలిచింది. ఐదున్నర. ఇంకోసారి కొలిచింది. పెద్దాయన నన్ను తీసుకుని నమూనాలో నిలబెట్టాడు. రెయిలింగ్ నా నడుముకి బాగా కింద ఉండిపోయింది.

"నువ్వే పొట్టిగా కోశావని కనబడుతూనే ఉంది కదా" అన్నాడాయన.

భాగ్య నన్ను తిరగేసి చూసింది. వడ్రంగి కూతురు, కర్రని చూడ్డం ఎవరూ నేర్పక్కర్లేదు. "సార్, ఇవి కొత్త పాదాలు. కర్ర గీతలు కాళ్లల్ల నిలువుగున్నయ్, పాదాలల్ల అడ్డంగున్నయ్. ఒక్క కర్ర గాదిది. మొన్న నేనిచ్చినప్పుడు ఇట్ల లేదు" అంది.

అందరూ కృపాకర్ సారు వైపు చూశారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పాత బొమ్మ. ఎప్పుడో ఏదో రిపేరు జరిగి ఉంటది. నాకు యాదికి లేదు" అన్నాడు.

నాకు నోరుంటే అప్పుడు ఆయన పేరు పెట్టి అరిచేవాణ్ణి. కమిటీ కాగితం మీద 'బొమ్మ కొలత సరిగా ఉన్నది' అని రాసుకుంది. సారు పెట్టిన సంతకం మాట ఎవరూ ఎత్తలేదు. నా జీవితంలో నన్ను అధికారికంగా కొలవడం అదే మొదటిసారి.

భాగ్య పేరు రోల్సులోంచి తీసేశారు. హాస్టల్ ఖాళీ చేసి వెళ్లే రోజు కూడా ఆమె నన్ను తిట్టలేదు. ఇప్పుడు తండ్రితో కలిసి తలుపులు చేస్తోందని లక్ష్మణాచారి ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆదిలాబాద్ వెళ్లి ఆశన్న ఇంట్లో మంచం పక్కన, స్నానాల గదిలో, గుమ్మం దగ్గర పట్టుకోవడానికి కర్ర కమ్మీలు బిగించిందట. చక్రాల కుర్చీలో కూర్చున్న ఆశన్న చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో టేపుతో మూడుసార్లు కొలిచిందట. ఆశన్న వాళ్లమ్మ మాత్రం ఆమెతో మాట్లాడలేదట.

ఈ ఏడు కొత్త బ్యాచ్ వచ్చింది. నన్ను ఒక ఆసుపత్రి నమూనాలో నిలబెట్టారు. పరీక్ష అయ్యాక ఒకతను నన్ను పట్టుకుని లాగబోతుంటే గది అవతలి నుంచి కృపాకర్ సారు కేక వేశాడు. "మెల్లగ! పాదాలు పైలం!"

పిల్లలు ఉలిక్కిపడ్డారు. సారుకి పాత వస్తువులంటే ఎంత ప్రేమో చూడమని ఒకరికొకరు చెప్పుకున్నారు. నిజమే, ఇప్పుడు నా ఎత్తు సరిగ్గా ఉంది. నన్ను చూసి కట్టే రెయిలింగ్ మీంచి ఇక ఎవరూ పడరు. ఆ ఆదివారం నాకు పాదాలు పెట్టడానికి ఆయనకి పట్టింది ఇరవై నిమిషాలు. అనుమానంతో భాగ్య నన్ను ఆయన బల్ల మీద పెట్టిన రోజున, స్కేలు పెట్టి చూడ్డానికి ఒక్క నిమిషం సరిపోయేది.