ఉప్పునీళ్లలో నెగ్గిన తాళంకప్ప

నేను ఒక తాళంకప్పను. బరువు పావుకిలో పైచిలుకు, గర్వం అంతకన్నా కాస్త ఎక్కువ. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నా పుట్టిల్లు భీమిలి దగ్గర ఒక రేకుల షెడ్డు. ఇత్తడి కరిగించి నన్ను పోతపోసినవాడు కొమ్మోజు లక్ష్మణాచారి. ఆకురాయి పట్టి నా అంచులు నునుపు చేసింది బంగారమ్మ. మా తాళాలు ఎక్కువగా చేపల పడవల్లో పెట్టెలకు వెళతాయి గనుక, ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ప్రతి తాళాన్నీ మూడు రోజులు సముద్రపు నీళ్లలో నానబెడతారు. నాలుగో రోజు చెవి సాఫీగా తిరిగితేనే ఆచారి ముద్ర పడుతుంది, లేకపోతే మళ్లీ మూసలోకే. మనుషులకూ పెళ్లికి ముందు ఇలాంటి పరీక్ష ఒకటి ఉంటే బాగుండేది.

తీరా నాకు ముద్ర పడేసరికి ఓడల మీద విదేశీ తాళాలు దిగాయి. ధర మాలో సగం. ఒక్క వానాకాలానికే తుప్పు పట్టేవి, అయినా జనం మళ్లీ అవే కొనేవారు. చవక అంటే మనిషికి అంత ప్రేమ. నేను మరో ఆరువందల తాళాలతో కలిసి వెనక గదిలో గుట్టగా పడ్డాను. పద్నాలుగు మంది పనివాళ్లలో పదకొండు మందిని ఆచారి ఇళ్లకు పంపేశాడు. వాళ్లలో బంగారమ్మ కూడా ఉంది. ఆ రోజు అతను అన్నం ముట్టలేదు.

తాళాలు చేసే చిన్న షెడ్లవాళ్లంతా కలిసి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. దిగుమతుల వల్ల నష్టపోయారని రుజువైతే విదేశీ తాళాల మీద సుంకం పెంచుతామనీ, చూడటానికి ఒక అధికారి వస్తారనీ జవాబొచ్చింది. రుజువు కాకపోతే షెడ్డు మూసుకోవడమే.

అధికారి వస్తున్నాడనగానే మా ఆచారి ఏం చేశాడనుకున్నారు? షెడ్డు గోడలకు సున్నం కొట్టించాడు. పదకొండు మందినీ ఆ ఒక్క పూటకు పిలిపించి వరసగా కూర్చోబెట్టాడు. మా గది తలుపు దగ్గరగా వేసేశాడు. పెళ్లిచూపులకు పక్కింటి కుర్చీలు తెచ్చి వేసే జాతి మరి, గుమ్మంలోకి వచ్చిన మనిషికి లేమి ఎలా చూపిస్తారు?

అధికారి అంతా తిరిగి చూసి, వ్యాపారం ఎలా ఉందని అడిగాడు.

"మీ దయవల్ల లోటు లేదండి," అన్నాడు ఆచారి, అలవాటు కొద్దీ.

అధికారి ఆ మాట రాసుకోవడానికి కలం తీశాడు. గదిలో నాకు పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు బంగారమ్మ ఆకురాయి కింద పెట్టి లేచింది.

"బాబూ, మేం పదకొండు మందిమీ ఈయాల పనికి రానేదు. ఈ అయ్య పరువు కోసం వచ్చినాం. పని లేక రెండేళ్లయిపోనాది," అంటూ వెనక గది తలుపు తోసింది.

ఆచారి తల వంచుకున్నాడు. అధికారి లోపలికి వచ్చి, కారే కప్పు కింద గుట్ట మీదున్న నన్ను తీశాడు. దుమ్ము తుడిచి, నాకు కట్టి ఉన్న చెవితో తిప్పాడు. రెండు వానాకాలాలు తడిశాను, అయినా ఒక్క తిప్పుకే తెరుచుకున్నాను. నా జన్మలో అంత గర్వపడ్డ క్షణం ఇంకోటి లేదు.

"అయితే లోపం సరుకులో లేదన్నమాట," అని కాగితం మీద ఏదో రాసుకుని, నన్ను నమూనాగా విశాఖలోని తన ఆఫీసుకు తీసుకుపోయాడు. నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. మూడేళ్లపాటు విదేశీ తాళాల మీద అదనపు సుంకం.

ఆ ఉత్తర్వున్న ఫైళ్లను ఒక బీరువాలో పెట్టి విదేశీ తాళం వేశారు. విశాఖ గాలికి ఏడాది తిరక్కుండానే అది బిగుసుకుపోయింది. సుత్తితో పగలగొట్టి, నమూనాల బల్ల మీదున్న నన్ను తగిలించారు. ప్రభుత్వంవారు నన్ను ఉచితంగానే పొందారు, అది వేరే సంగతి.

మూడేళ్లు గడిచాయి. సుంకం రూపంలో ఇచ్చిన సాయం పొడిగించాలా అని అడగడానికి ఆచారిని పిలిచారు. అతని వెనకే బంగారమ్మ కూడా వచ్చింది. బీరువాకు ఉన్న నన్ను చూసి ఆచారి దగ్గరికొచ్చి, తన ముద్రను బొటనవేలితో ఒకసారి తడిమాడు.

వ్యాపారం ఎలా ఉందని అదే అధికారి అడిగాడు.

"లోటు లేదండి. ఇక సాయం అక్కర్లేదు," అన్నాడు ఆచారి.

అధికారి ఈసారి కలం తీయలేదు. తలెత్తి బంగారమ్మ వైపు చూశాడు. ఆవిడ చేతులకు ఇత్తడి పొడి ఇంకా అంటుకునే ఉంది. నిజమేనన్నట్టు తలూపింది.

అప్పుడు రాసుకున్నాడు. ఆ కాగితం బీరువాలో పెట్టి, నన్ను నొక్కి తాళం వేశాడు.