మూడు నిమిషాల గంట

గంట మోగుతూనే ఉంది. లిఫ్టు కదలడం లేదు.

దానికేం రోగం లేదు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆపి, తాళం చెవి తిప్పి పట్టుకుని, లోపల చీకట్లో నిలబడి ఉన్నాడు లిఫ్టు నడిపే అతను. లైటు ఆర్పమని ఎవరూ చెప్పలేదు. తన మొహం తనకి అద్దంలో కనిపించకుండా తనే ఆర్పేశాడు.

పెద్దల సభలో ఓటింగుకి ముందు మూడు నిమిషాలు గంట మోగిస్తారు. సభ్యులు క్యాంటీన్లో ఉన్నా, లైబ్రరీలో కునుకు తీస్తున్నా ఆ మూడు నిమిషాల్లో లోపలికి చేరుకోవాలి. గంట ఆగిన మరుక్షణం తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాడు ఎంతటివాడైనా గుమ్మం బయటే.

పైన మూడో అంతస్తులో చేతికర్ర చప్పుడైంది. టక్, టక్. బటన్ నొక్కిన శబ్దం. మళ్ళీ నొక్కిన శబ్దం.

"ఒరే పెళ్ళికొడుకా! ఎక్కడ చచ్చావురా? గంట కొట్టేస్తున్నారు!"

మాస్టారి గొంతు. ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పి, ఇప్పుడు సభలో చెబుతున్న మనిషి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆయన గది మూడో అంతస్తులో. కింద సభకి మెట్లు అరవై ఆరు. రెండో లిఫ్టు భవనానికి ఆ చివర ఉంది.

అతను ఊపిరి బిగబట్టాడు. పిలిస్తే పలక్కుండా దాక్కోవడం చిన్నప్పుడు ఆటలో చేశాడు గానీ, ఇంత పెద్దయ్యాక చెయ్యాల్సి వస్తుందనుకోలేదు.

"అయ్యో, ఆగిపోయినట్టుంది పాపం," అని పైన తనలో తను గొణుక్కున్నాడు మాస్టారు. కర్ర చప్పుడు మెట్ల వైపు మళ్ళింది. ఒక మెట్టు. చాలాసేపటికి ఇంకో మెట్టు.

గంట ఆగిపోయింది.

* * *

ఆ గంటకి ముందు, పొద్దున పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. మొలకి కట్టుకున్న తాళాల గుత్తి వల్ల మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది కాబట్టి పనివాళ్ళంతా ఆయన్ని చాటుగా 'గజ్జెలాయన' అంటారు.

"మొదటి గంట మోగగానే లిఫ్టు మధ్యలో ఆగిపోవాలి. గంట ఆగాక నడవాలి. ఎవరైనా అడిగితే మరమ్మతు, తెలిసిందా?"

"ఎందుకు సార్?"

"లిఫ్టు ఎప్పుడైనా ఎందుకని అడిగిందా? పైకి నొక్కితే పైకి, కిందకి నొక్కితే కిందకి. నువ్వూ అంతే." వెళ్ళబోతూ ఆగాడు గజ్జెలాయన. "నెలాఖరుకి పనిలో ఎవరుంటారో కొత్త జాబితా రాయాలి. కొత్తగా పెళ్ళయినోడివి. ఆ పిల్ల మొహం చూసైనా బుద్ధిగా ఉండు."

ఆ పిల్ల మొహం తలుచుకుంటే అతనికి నిజంగానే ఒళ్ళు తేలికైపోతుంది. పెళ్ళయి నలభై రోజులు. తొమ్మిది వేల జీతంలో నాలుగు వేలు పోసి, కిటికీ ఉన్న గది తీసుకున్నారు. ఆ కిటికీ చూసి ఆమె మేడ కొన్నంత సంబరపడింది. ఇస్త్రీ దుకాణంలో రోజంతా నిలబడి వచ్చి కూడా, రేపటి అన్నం డబ్బాలో పెట్టడానికి ఒక పొడుపు కథ కాగితం మీద రాసిపెడుతుంది. సాయంత్రానికి విప్పకపోతే గిన్నెలు అతనే తోమాలి. విప్పినా అతనే తోముతాడు, అది వేరే సంగతి.

ఆమెను అతనికి ఇచ్చింది ఈ భవనంలోనే. అత్త ఇక్కడ ఊడ్చి తుడిచే మనిషి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. "రెండు వందల కుర్చీలు రోజూ తుడుస్తాను, ఒక్కదాంట్లో కూడా కూర్చోలేదు," అని నవ్వుతుంది. సభ్యుల లిఫ్టు పనివాళ్ళు ఎక్కకూడదు. బకెట్టు మోసుకుంటూ మెట్ల మీద పైకీ కిందకీ తిరుగుతూ, లిఫ్టు గుమ్మంలో నిలబడ్డ కుర్రాణ్ణి ఏడాదిపాటు గమనించింది. "కోపం రాదు, వాగుడు లేదు, ఎవరు తిట్టినా తలుపు మెల్లగానే వేస్తాడు" అని కూతురికి చెప్పిందట. అదే పెళ్ళిచూపులు.

ఆ రోజు సభ ముందున్న బిల్లు అత్తలాంటి వాళ్ళ గురించే. ప్రభుత్వ భవనాల్లో పదేళ్ళు పనిచేసిన కాంట్రాక్టు మనుషుల్ని పర్మనెంటు చెయ్యాలని. వినడానికి బాగానే ఉంది. కానీ మూడేళ్ళకోసారి కంపెనీ బోర్డు మారుతుంది. బోర్డు మారితే లెక్క మొదటికొస్తుంది. అత్తకి ఇప్పటికి ఆరు కంపెనీలు మారాయి, బకెట్టు మారలేదు. కాగితం మీద ఆమె సర్వీసు ఏడాదిన్నర. కంపెనీ మారినా పాత ఏళ్ళు కలపాలని సవరణ తెచ్చింది మాస్టారే.

ఇదంతా అతనికి తెలుసు. తెలిసే తాళం తిప్పాడు. ఏ ఓటుకి ఆపమన్నారో ఎవరూ చెప్పలేదు కాబట్టి తనకి తెలియనట్టేనని అనుకున్నాడు.

* * *

నడవాలో పెట్టిన స్పీకర్లలోంచి సభాపతి గొంతు వినిపించింది. అనుకూలం అరవై ఒకటి. వ్యతిరేకం అరవై ఒకటి. సమానమైనప్పుడు ఉన్నది ఉన్నట్టు ఉంచడం ఆనవాయితీ గనక, సవరణ వీగిపోయింది.

అతను లిఫ్టు కిందకి దింపి తలుపు తీశాడు. ఇద్దరు సభ్యులు క్యాంటీనుకని పైకి వెళ్ళడానికి ఎక్కారు.

"ముసలాయన రాకపోవడం మన అదృష్టం."

"అదృష్టమేంటండీ, లిఫ్టు!" అన్నాడు రెండోవాడు. లిఫ్టు కుర్రాడి భుజం తట్టి, "మంచి మిషనయ్యా ఇది," అని నవ్వాడు.

ఆ చెయ్యి తీసేశాక కూడా భుజం మీద ఏదో అంటుకునే ఉన్నట్టనిపించింది.

తిరిగి వస్తూ రెండో అంతస్తులో ఆగాడు. మెట్ల మలుపులో మాస్టారు కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ళ దాకా లాక్కున్నాడు. అత్త తన తుడిచే గుడ్డ కాకుండా కొంగు తడిపి, వాచిన మోకాలి మీద వేసి నొక్కుతోంది.

"అల్లుడూ, బాగయిందా నీ బండి?" అంది. "చూడు, సారు ఇరవై రెండు మెట్లు దిగారు. ఇంకా నలభై నాలుగు ఉండగా గంట ఆగిపోయింది."

"వాణ్ణేమంటావమ్మా, యంత్రం," అన్నాడు మాస్టారు. "మొహం చూడు, తనే ఆపేసినట్టు ఎలా పెట్టాడో! పోరా, పోయి అన్నం తిను. సాయంత్రం ఇంకో తీర్మానం పెడుతున్నాను. బిల్లు ఇలాగే పాస్ చెయ్యకుండా కమిటీకి పంపమని. అక్కడ మళ్ళీ అడుగుదాం."

అతను తలూపాడు. నోరు తెరిస్తే ఏం వస్తుందోనని భయం వేసింది.

డబ్బా తెరిచాడు. కాగితం మీద గుండ్రటి అక్షరాలు: "రోజంతా ఎక్కుతుంది, దిగుతుంది, గడప దాటదు. మోసేది అందరినీ, తనదంటూ ఎవరూ లేరు. ఏమిటది?" కింద, "ఇది కూడా రాకపోతే రెండు రోజుల గిన్నెలు!" అని ఉంది.

మామూలు రోజైతే పకపకా నవ్వేవాడు. తనదంటూ ఎవరూ లేరనే మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. తినకుండానే డబ్బా మూసేశాడు.

* * *

మధ్యాహ్నమంతా స్పీకర్లలో చర్చ సాగింది. శ్రామిక సోదరీమణుల పట్ల తమ పార్టీకి గల అపారమైన గౌరవం గురించి ఒకాయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. స్పీకరు కింద నేల తుడుస్తూ అత్త, "నా గురించే అల్లుడూ," అని కన్ను గీటింది. "నాకింత గౌరవం ఉందని తెలీక ఇన్నాళ్ళూ చెప్పుల్లేకుండా తిరిగాను."

అయిదింటికి గజ్జెల చప్పుడు వచ్చింది.

"పొద్దుటిలాగే," అన్నాడు సూపర్‌వైజరు. అంతే. జవాబు కోసం ఆగను కూడా ఆగలేదు.

అయిదుంబావుకి గంట మొదలైంది.

అతని చెయ్యి తాళం చెవి దాకా వెళ్ళింది. ఎటు తిప్పాలో ఒక్క క్షణం చేతికే తెలియలేదు. తర్వాత లిఫ్టు పైకి లేచింది.

మూడో అంతస్తులో తలుపు తీసి, "సార్!" అని కేకేశాడు. నడవా ఖాళీ. మాస్టారి గది గడియపెట్టి ఉంది. మెట్ల కిందనుంచి చేతికర్ర చప్పుడు. ఆయన లిఫ్టుని నమ్ముకోకుండా ముందే బయల్దేరాడు. అతను రెండో అంతస్తుకి దిగి తలుపు తీశాడు. మెట్ల మలుపులో అత్త భుజం పట్టుకుని మాస్టారు, ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో ఆయన నడుం పట్టుకుని అత్త.

"రండి సార్! ఎక్కండి!"

"వద్దురా బాబూ. మళ్ళీ మధ్యలో ఆగిందంటే మెట్లూ లేవు, ఓటూ లేదు."

"ఆగదు సార్."

"నీకెలా తెలుసు?"

గంట మోగుతోంది. నిమిషం అయిపోయి ఉంటుంది. అబద్ధం చెప్పడానికి కూడా టైము లేదు.

"పొద్దున అది ఆగలేదు సార్. నేనే ఆపాను. ఆపమన్నారు, ఆపాను. మీరు పిలుస్తుంటే లోపలే ఉన్నాను."

మాస్టారు పిల్లవాడి పలకలో తప్పు లెక్క చూసినట్టు అతని మొహంలోకి చూశాడు. అత్త మాత్రం చూపు తిప్పుకుంది. ఆమె చేతిలో బకెట్టు ఒక్కసారి ఒరిగి, నీళ్ళు ఆమె పాదాల మీద పడ్డాయి.

"అత్తా..."

ఆమె బకెట్టు కింద పెట్టింది. మాస్టారి చెయ్యి తన భుజం మీద సరిగ్గా వేసుకుంది.

"పదండి సార్," అంది. "వాణ్ణి తర్వాత కొడదాం."

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె ఆ లిఫ్టులో అడుగుపెట్టింది. లోపల అద్దంలో ముగ్గురూ కనిపించారు. ఈసారి అతను లైటు ఆర్పలేదు.

కింద తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా గజ్జెలాయన. అత్తని చూశాడు, మాస్టారిని చూశాడు, నవ్వబోయాడు, రాలేదు. వాళ్ళిద్దరూ ఆయన్ని తప్పించుకుని నడిచారు. లిఫ్టు దగ్గర్నించి సభ తలుపు దాకా నలభై ఆరు అడుగులు. రోజూ మాస్టారే లెక్కపెట్టి చెబుతాడు.

"తాళం చెవి ఇలా ఇవ్వు," అన్నాడు సూపర్‌వైజరు పళ్ళ బిగువున.

"ఇవ్వను."

"ఏంట్రా?"

"గంట ఆగాక అడగండి సార్. అంతదాకా ఇవ్వను." తాళం చెవిని పిడికిట్లో బిగించాడు. కిటికీ ఉన్న గది కళ్ళ ముందు ఒక్కసారి మెదిలింది. ఈ సాయంత్రం ఆ గదిలో పొడుపు కథకంటే ముందు విప్పి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇక అత్త ఆ వాకిట్లోకి వస్తుందో రాదో.

అద్దంలా తుడిచిన నేల మీద, అత్త తడి పాదాల గుర్తులు సభ తలుపు వైపు సాగిపోతున్నాయి. వాటి పక్కనే చేతికర్ర పెట్టిన చిన్న చిన్న తడి చుక్కలు. తలుపు దగ్గర కాపలావాళ్ళు రెండు రెక్కల మీదా చేతులు వేసి సిద్ధంగా నిలబడ్డారు.

ఇంకా పది పన్నెండు అడుగులున్నాయి.

గంట మోగుతూనే ఉంది.