కాయితం లేని సూది

రెండు నెలలుగా ఊరంతా తిరిగి నర్సు ఉషారాణి కాళ్లరిగిపోయాయి. కరోనా టీకా అంటే ముఖం మీదే తలుపేసే ఉద్దానం పల్లె అది. తప్పు వాళ్లదీ కాదు. కిడ్నీ జబ్బు పేరు చెప్పి ఏళ్ల తరబడి వచ్చినవాళ్లు రక్తం పట్టుకెళ్లారే గానీ, ఏం తేలిందో చెప్పడానికి ఒక్కడూ తిరిగి రాలేదు.

చివరికి రాజులమ్మ ఒప్పుకుంది. ఆవిడ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది. మొగుడు పైడిరాజు డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ఫ్యాక్టరీ నుంచి రోగం ఇంటికి తెస్తే అతను దక్కడని ఆవిడ భయం. గురువారం తనతో పనిచేసే మరో తొమ్మిదిమందిని వెంటబెట్టుకొస్తానంది.

బుధవారం ఫ్యాక్టరీ గేటుకి బోర్డు వేలాడింది. టీకా సర్టిఫికెట్ లేకపోతే పని లేదట. జ్వరమొచ్చినా సెలవివ్వని ఫ్యాక్టరీ ఓనరుకి కూలీల ఆరోగ్యం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఊరు భగ్గుమంది.

గురువారం బడి వరండాలో ఉషారాణి ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఫ్యాక్టరీ మేస్త్రీ తిరుమలరావు మాత్రం ఫోన్ చేసి, సూదుల సంగతి తర్వాత, ముందు కంప్యూటర్లో పేర్లు ఎక్కించి సర్టిఫికెట్లు ఇచ్చెయ్యమన్నాడు. ఆమె నాలుగు దులిపి ఫోన్ పెట్టేసింది.

మూడింటికి రాజులమ్మ ఒక్కతే వచ్చింది.

"నా మొగుడి కోసం ఏయించుకుంతాను సిస్టరమ్మా. ఆ గేటు కోసం కాదు. నా పేరు రాయకు, కాయితం ఇవ్వకు."

పని పోతుందని ఉషారాణి బతిమాలింది.

"నా రకతం అట్టుకెల్లినోల్లు నాకు కాయితం ఇచ్చినారేటి? ఇప్పుడు నానెందుకు సూపించాల?"

పదిమంది పోగవందే సీసా తెరవొద్దని పైవాళ్ల హుకుం. ఉషారాణి తెరిచింది. ఒక్క సూది వేసి, తెరిచిన సీసా కొన్ని గంటలకు మించి నిలవదు గనక, తొమ్మిదిమందికి సరిపోయే మందు పారబోసింది.

సోమవారం, మందు పారబోసినందుకు సంజాయిషీ చెప్పుకోవడానికి పలాస వెళుతూ ఫ్యాక్టరీ ముందు ఆగింది. ఆ తొమ్మిదిమందీ సర్టిఫికెట్లు చూపించి లోపలికి పోతున్నారు. ఆ దొంగ కాయితాలు తిరుమలరావు ఎక్కడ చేయించాడో ఏమో. ఆమెను చూసి తలలు దించుకున్నారు. రాజులమ్మని మాత్రం ఆపేశారు.

ఈవిడకి నా చేత్తో నేనే టీకా వేశానని ఉషారాణి గొంతు చించుకుంది. వాచ్‌మన్ కాయితం చూపించమన్నాడు.

లోపల ఎవరో తెరలు తెరలుగా దగ్గుతున్నారు. టీకా పడ్డ ఒక్క మనిషినీ బయట నిలబెట్టి వాడు గేటు మూసేశాడు.