చీటీ మీద పడిన స్టాంపు

నేను ఒక రబ్బరు స్టాంపును. చూడటానికి బొటనవేలంత ఉంటాను గానీ, నన్ను దాటి ఈ ఊళ్ళో ఒక్క మాత్ర కూడా మందుల కొట్టు గడప దిగదు! డాక్టరు చీటీకి మందిచ్చాక దాని మీద కొట్టు పేరు, ఊరు వేసేది నేనే. పక్కన తేదీ రాస్తారు. మళ్ళీ ఇమ్మని డాక్టరు రాస్తే తప్ప, నేను పడిన చీటీకి రెండోసారి మందివ్వకూడదు. అది చట్టం.

కాకినాడ కోర్టు వీధిలో చెక్క పిడికి నన్ను అతికించారు. నన్ను కొన్న మందుల కొట్టు పట్టాభిగారు నాచేత చేయించిన మొదటి పని బొద్దింకను చంపడం. ఆయనకు చట్టం తెలియక కాదు, చీటీ అడిగితే జనం పక్క కొట్టుకు పోతారని భయం. ఇందాక కోసిన కోతలు ఇక్కడితో సరి. ఏళ్ళ తరబడి మాత్రలు నా ముందు నుంచే గంపలకొద్దీ వెళ్ళాయి. నేను సొరుగులో సిరా ఎండి పడుకున్నాను. ఆయన కూతురు సుభద్ర ఫార్మసీ చదివి కొట్లో కూర్చున్నాకే నా మొహం కడిగింది.

మా ఊళ్ళో ఒకరికి నయం చేసిన చీటీ, అరువిచ్చిన గుండిగలా వీధంతా తిరుగుతుంది. ఓ పొద్దున వెంకాయమ్మ కొంగుముడి విప్పి పాత చీటీ తీసింది.

"ఆ బీపీ బిళ్ళలే ఇయ్యమ్మాయ్."

"దీని మీద స్టాంపు పడిపోయిందత్తా. నిరుటిది. డాక్టరు మళ్ళీ రాయాలి."

"మీ నాన్న ఏనాడన్నా అడిగాడా? మనిషికన్నా స్టాంపు ఎక్కువైందేంటే నీకు?"

"సరే, చెయ్యిలా పెట్టు. బీపీ చూస్తాను."

"నాకెందుకే, గుండ్రాయిలా ఉన్నాను! మా కోడలికి. ఎనిమిదో నెల కదా, తల పగిలిపోతోందని ఒకటే గోల. నర్సమ్మ చూసి బీపీ అంది. బీపీకి బీపీ బిళ్ళేగా!"

సుభద్ర గభాల్న లేచింది. "అత్తా, ఈ మాత్ర కడుపులో బిడ్డకి ప్రమాదం! వేశావా?"

"ఇంట్లో ఉంటే వేసేదాన్నే..."

"ఈ నెలల్లో బీపీతో తలనొప్పంటే తల్లి ప్రాణం మీదికీ వస్తుంది, ఆగకూడదు. పద, కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్దాం."

షట్టరు దించి, తనే ఆటో పిలిచింది. అంతసేపూ నన్ను తిట్టిన వెంకాయమ్మ తనకన్నా ముందే ఆటో ఎక్కి కూర్చుంది.

సాయంత్రానికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ, పిల్లా దక్కారు. రెండు నెలలకు వెంకాయమ్మ మనవరాలిని చంకనేసుకుని, పిల్ల పేరున డాక్టరు రాసిన చీటీ తెచ్చింది.

"ఎవళ్ళకీ అరువియ్యనులే. కొట్టు, గట్టిగా," అంది.

సుభద్ర నన్ను ఎత్తబోతుంటే, ఆవిడ ముందుగా అందుకుని రెండు కళ్ళకూ అద్దుకుంది.

ఆ కళ్ళకద్దుకోవడం ఒక్కటీ నా కల్పన. మిగతాదంతా జరిగిందే. ఆవిడ నా వంక చూడను కూడా లేదు, పిల్లనే చూస్తూ నిలబడింది.