లోయకు వీపు పెట్టి

తమ ఇంట్లో బస చేసిన దంపతుల తడి స్నోబోర్డు బూట్లలో పాత పేపర్లు కుక్కుతోంది చిగుసా, చెవులు మాత్రం ఇంటి కప్పు మీదే ఉన్నాయి. సాయంత్రం నుంచి గాలి వెచ్చబడింది. కప్పు మీది మంచు తనంతట తానే జారి పెరట్లో ధబ్బున పడింది. హొక్కైడో కొండల్లో నడి చలికాలంలో అలా పడకూడదు.

"ఏమండీ, రేపు ఆ వెనక వాలులోకి వద్దండీ. మంచు సరిగ్గా లేదు, వాలంతా విరిగి జారొచ్చు," అంది.

భోజనాల బల్ల దగ్గర అతిథులకు సాకే మద్యం పోస్తున్న భర్త మసతోషి పకపకా నవ్వాడు. "వాతావరణ శాఖ మా వంటింట్లోకి ఎప్పుడు మారిందే? అయినా ఆ దారి ఎంచింది నీ కోసమేగా! చెట్ల మధ్య నుంచి నువ్వు దిగగలవా? నీకొచ్చింది ఒక్క ఆకు రాలుడు."

అతిథులూ నవ్వారు. "బోర్డు విద్యలు మనకెందుకమ్మా, సూపు చల్లారకుండా మోసుకెళ్తే చాలు," అంది అత్తగారు.

"ఏంటి గొణుగుతున్నావ్?" అన్నాడు మసతోషి.

"ఏం లేదండీ."

ఏం లేదండీ! పెళ్ళయినప్పటి నుంచి ఈ ఇంటిని నిలబెడుతున్నది ఆ ఒక్క మాటే. ఊరందరికీ స్నోబోర్డు మలుపులు నేర్పే మాస్టారు పెళ్ళానికి ఆకు రాలుడు ఒక్కటే నేర్పాడు. మడమల మీద బరువేసి, లోయను చూస్తూ, అటూ ఇటూ ఊగుతూ కిందికి జారడం. "మలుపు తిరగాలంటే వేళ్ళ మీదికి రావాలి, లోయకు వీపు పెట్టాలి. వెనక ఏముందో కనబడకుండా తిరగడం నీ వల్ల కాదులే," అని అక్కడితో ఆపేశాడు. ఆకులా జారే మనిషి భోజనాల మూటతో అందరికన్నా వెనకే వస్తుంది మరి. కానీ చిగుసా బతుకంతా గడిచింది గదికి వీపు పెట్టి, సింకు ముందు, పై అర అందుకోవడానికి మునివేళ్ళ మీదే కదా. ఎవరి కప్పు ఖాళీ అయిందో, ఎవరు చిరాకు పడుతున్నారో, తిరిగి చూడకుండానే చెప్పగలదు. ఒకరోజు గిన్నెలు తోముతుంటే తట్టింది, మలుపంటే ఇంతేనా అని! అప్పట్నుంచి దుప్పట్లు ఆరేలోపు వెనక దిబ్బ మీదికి పోయేది. మోకాళ్ళు వంచి, భుజం ముందు తిప్పి, పడి, లేచి. మోకాలి దెబ్బ చూసి అత్తగారు అడిగితే, "ఏం లేదత్తయ్యా, మెట్ల మీద జారాను."

మర్నాడు పొద్దున నలుగురూ ఆ వాలు అంచున నిలబడ్డారు. మసతోషి ముందు దిగి, కాస్త కింద ఆగి, లోయ వైపు ముఖం పెట్టి కూర్చుని రమ్మని చెయ్యి ఊపాడు. అప్పుడే కాళ్ళ కింద మంచు లోపలెక్కడో గుభీమని చప్పుడైంది.

"అదేంటక్కా?" అడిగింది అతిథుల్లో ఆడమనిషి ఫుమికా.

చిగుసాకి ఆ చప్పుడేంటో తెలుసు. ఇప్పుడు ఏం లేదంటే ఈ ఇద్దరూ దిగుతారు.

"ఈ వాలు వద్దు. నా వెనకే రండి, చెట్లలోకి."

వాళ్ళ జవాబు కోసం ఆగలేదు. పక్కనున్న భూర్జ చెట్ల గట్టు మీదికి జారింది. మడమల మీద ఒక మలుపు. వేళ్ళ మీద ఇంకొకటి. లోయ వీపు వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎక్కడికే? ఆగు! చెట్టుకి గుద్దుకుని చస్తావ్!" వాలు మధ్య నుంచి మసతోషి అరిచాడు. "ఎవరు నేర్పారే నీకది?"

ముఖం కొండ వైపు ఉంది కాబట్టి ఆమెకు కనిపించింది. భర్తకు పైన, తెల్లటి మంచులో, పింగాణీ గిన్నె బీటలాంటి సన్నటి గీత. చూస్తుండగానే అటూ ఇటూ పాకుతోంది.

మంచులో మళ్ళీ గుభీమని చప్పుడైంది. మసతోషి అరుపు ఆగిపోయింది. మెడ తిప్పడానికి కూడా భయపడి లోయనే చూస్తూ ఉండిపోయాడు.

"చిగుసా..." ఆ గొంతు ఆమె ఎన్నడూ విననిది. "నా వెనక ఏముంది?"

అలవాటైన మాట పెదాల దాకా వచ్చింది. మింగేసింది.

"చీలికండీ," అంది. "పెరుగుతోంది."