అద్దం మీది బొట్టు

మా అన్న హన్మండ్లు చనిపోయిన పెళ్లాం పటం మీది బొట్టు తుడిచేశాడని తెలిసిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మమ్మల్ని పెంచిన మేనత్త రాములవ్వ గడపలో కూర్చుని శోకాలు పెట్టింది.

"పునిస్త్రీగ పోయిన పిల్లర అది! దాని మొకం మీది కుంకుమ తుడుస్తవా? మారుమనువు మీద మనసైతే నోరు తెరిచి చెప్పరాదా!"

వాడకట్టంతా విన్నది. అన్న మాత్రం పటం ముందు పీట వేసుకుని, ఆ తిట్లు పక్కింటివాళ్లకన్నట్టు కూర్చున్నాడు.

మాది రుద్రూరు దగ్గరి పల్లె. అన్నది చెరుకు నరికే పని. నేను బోధన్‌లో గది తీసుకుని జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని, ఆదివారాలు ఇంటికొచ్చేదాన్ని. మా వదిన రాధాబాయి బీడీలు చుట్టేది. చేతులతో పాటు నోరూ ఆడేది, ఆమె ఉంటే ఇల్లు సంతలా ఉండేది.

ఒక ఆదివారం ఆమె చాట ముందు కూర్చుని, సోమవారం చెప్పబోయే పాఠం ముందుగా ఆమెకే అప్పజెప్పాను. చాటలోంచి ఒక తునికాకు తీసి చూపించాను. దీని మీద ఆకంత పలచటి మనుషులున్నారనుకో వదినా, వాళ్లకు పొడవు తెలుసు, వెడల్పు తెలుసు, ఎత్తు అనేదొకటుందని తెలియదు. వాళ్లలో ఒకణ్ణి మనం పైకెత్తామంటే మిగిలినవాళ్లకు వాడు మాయమైనట్టే. మనకూ అంతే. పొడవు, వెడల్పు, ఎత్తు కాక నాలుగో కొలత ఉంటే ఉండొచ్చు. లెక్క కట్టగలం గానీ చూడలేం.

"ఏ పక్కనుంటది ఆ నాలుగోది?" అన్నాడు అన్న.

"ఏలు వెట్టి చూపెట్టరాదన్నా."

"చూపెట్టరానిదానికి నీకు జీతమిస్తున్నరా? మంచిగున్నది నౌకరి!"

వదిన మాత్రం చుట్టడం ఆపింది. "మరి ఆ ఎత్తినోడు ఏడికి పోయిండు గోదావరీ? మల్ల వచ్చెతందుకు వానికి తోవ దొరకదా?" అని నన్ను అడిగింది. పాపం, నిజంగానే వాడి మీద బెంగపెట్టుకుంది. నేను నవ్వేశాను.

ఎనభైతొమ్మిదో సంవత్సరం వానల్లో పచ్చకామెర్లు ఆమెను తీసుకుపోయాయి.

ఆమెవి రెండే ఫొటోలున్నాయి, రెండూ బీడీ కార్మికుల గుర్తింపు కార్డు కోసం ఒకే రోజు బోధన్‌లో తీయించినవి. కార్డుకు పనికొచ్చిన దాంట్లో ఆమె మూతి బిగించుకుని దొంగతనంలో దొరికినదానిలా ఉంటుంది. రెండోది చెడిపోయిన ఫొటో. కొంగు సర్దుకోకముందే ఫొటోగ్రాఫర్ నొక్కేయబోతే, "ఉండు ఉండు" అంటూ అరచెయ్యి ముందుకు చాపింది, అతను నొక్కేశాడు. అన్న ఆ చెడిపోయినదాన్నే పెద్దది చేయించి అద్దం కట్టించాడు. రోజూ ఉదయం దాని మీద బొట్టు పెట్టేది రాములవ్వే.

రెండేళ్లకు, చెరుకు కొట్టే రోజుల్లో, ఆకు అంచు అన్న ఎడమ కన్నును కోసింది. చెరుకాకు కోతంటే మా వైపు అందరికీ అలవాటే, దానికి దవాఖానకు ఎవరు పోతారు? రాములవ్వ నందివర్ధనం పూలు నలిపి రసం పోసింది. కన్ను ఎర్రబడితే మళ్లీ పోసింది. చీము పట్టాక నిజామాబాద్ తీసుకుపోయాం, అప్పటికే కంట్లో తెల్లటి పువ్వు వేసి ఆ చూపు పోయింది.

ఆ తరువాత అన్నకు ఏదీ ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. చాయ పోస్తే గ్లాసు పక్కన పడేది. గొడ్డలి మొద్దుకు తగలక నేలలో దిగేది. చెరుకు మోపు బండి మీదికి విసిరితే అవతల పడేది. మేస్త్రీ కొన్నాళ్లు చూసి, ఇంటికాడ కూసో అన్నాడు. చేతినిండా పని చేసిన మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది!

"పొడుగున్నది, ఎడల్పున్నది చెల్లె. నీ మూడోదే పోయింది" అన్నాడు నాతో.

పటం మీది బొట్టు తుడిచింది ఆ రోజుల్లోనే. రాములవ్వ పట్టుబట్టి మళ్లీ అతని చేతనే పెట్టించబోయింది. కుంకుమ అంటిన వేలు అద్దానికి జానెడు దూరంలోనే ఆగిపోయింది. తాకాననుకుని అన్న చెయ్యి దించేశాడు. "సూసినవా, మనసొప్పుతలేదు వీనికి!" అని ఆమె మళ్లీ అందుకుంది.

రాములవ్వ లేచి వెళ్లాక నేను పీట పక్కన కూర్చున్నాను. "ఎందుకు తుడిసినవన్నా? నాకన్న చెప్పు."

"ఒక కన్ను మూసి సూడు. తొందరపడకు."

మూశాను. కాసేపు ఏమీ లేదు, అదే పాత ఫొటో. తరువాత వదిన వెనకున్న తెర వెనక్కి జరిగింది. ముక్కు లేచింది. చాపిన అరచెయ్యి మెల్లగా కాగితం దాటి నా వైపు వచ్చింది. రెండు కళ్లూ కలిస్తేనే ఇది కాగితమని గట్టిగా తెలుస్తుంది. ఒంటికన్నుకు ఆ సంగతి అంతగా పట్టదు. పుస్తకంలో చదివిందే, కానీ చదవడం వేరు.

"బొట్టు అద్దం మీదుంటది గద" అన్నాడు అన్న. "అది కండ్లవడితే అద్దం కండ్లవడ్తది. అద్దం కండ్లవడితే ఆమె ఎన్కకు పోతది. అందుకే తుడిసిన. నువ్వు చెప్పిన పక్క ఇదేనేమోనే!"



హైదరాబాదులో కంటికి కొత్త పొర వేస్తారని నిజామాబాద్ డాక్టరు ముందే చెప్పాడు. అన్న ప్రతిసారీ ఏదో సాకు చెప్పి దాటేసేవాడు. ఆ సాకుల వెనకున్నదేమిటో ఇప్పుడు అర్థమైంది: రెండో కన్నొస్తే వదిన మళ్లీ కాగితమవుతుంది. కానీ మరో నెలకు కట్టెలు కొడుతూ కాలి మీదే గొడ్డలి వేసుకున్నాడు. ఆ కట్టు చూసి నాకు కోపం ఆగలేదు.

"ఇట్లనే ఒక్కొక్కటి నరుక్కుంటవా? పోయినామె కోసం ఉన్నోళ్లను సంపుతవా?" అని అరిచాను. వేసే పొర ఎవరో చనిపోయినవాళ్లు దానమిచ్చిందని, ఊరికే దొరకదని కూడా చెప్పాను.

అన్న తలెత్తాడు. "సచ్చిపోయినోల్లదా?" పటం వైపు తిరిగాడు. "అయితే అది అటు పక్క సూసొచ్చిన కన్నన్నట్టు."

"కాదన్నా. కందిలి చిమ్నీ గాజు అసుంటిది, అంతే. దానికేం తెల్వది."

"నీకెట్ల ఎర్క? మనకు కానరాదని నువ్వే అంటివి గద."

లెక్కల టీచర్ని, నా పాఠంతోనే నా నోరు మూయించాడు. ఆపరేషన్‌కు బయలుదేరాడు.

చూపు ఒక్కసారిగా రాలేదు. కుట్లు తీసేదాకా, మసక పోయేదాకా ఏడాది పైనే పట్టింది. అన్నాళ్లూ పటాన్ని గోడ వైపు తిప్పి పెట్టాడు, పూర్తిగా కనబడినప్పుడే చూస్తానని. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి చాయ పోస్తున్నాడు. ధార తిన్నగా గ్లాసులోకి పోయింది, చుక్క కింద పడలేదు. నాకు సంతోషంతో కళ్లనీళ్లొచ్చాయి.

"ఇయ్యాల సూస్త" అన్నాడు. తలంటుకున్నాడు, ఉతికిన అంగీ తొడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు. పెళ్లిచూపులకు పోయేవాడిలా పీట మీద కూర్చుని పటం తిప్పాడు.

తల ఇటు వంచాడు, అటు వంచాడు. దగ్గరికి జరిగాడు. వెనక్కి జరిగాడు.

"కాయితం" అన్నాడు. "కాయితమే చెల్లె."

"ఒక కన్ను మూసుకో అన్నా, వస్తది."

మూసుకున్నాడు, తెరిచాడు. "వస్తది. గానీ మూసింది నేనే అని ఎర్కయితుంది గద."

వదిన పోయిన రోజు కూడా అన్న అట్లా ఏడవలేదు. ఏమని ఓదార్చను? నేనూ ఏడ్చాను. ఎంతో సేపటికి మొహం తుడుచుకుని, "అత్తా, కుంకుమ బరిణె తే" అన్నాడు.

రాములవ్వ పరుగున తెచ్చింది. అన్న వేలు ముంచి, ఎక్కడా తడబడకుండా తిన్నగా పటం దాకా తీసుకుపోయాడు. ఈసారి వేలు గాలిలో ఆగలేదు. సరిగ్గా వదిన నుదుటి మీద, అద్దానికి తగిలి ఆగింది.

"బుద్దొచ్చిందిర నా కొడుక్కు!" అంటూ రాములవ్వ వాడకట్టులో చెప్పడానికి వెళ్లింది.