గడియ లేని తలుపు

ఆ పొద్దున మబ్బు దిగి కూర్చుంది గాని చినుకు రాల్చలేదు. పద్నాలుగేళ్ల నా కూతురు గోడవైపే తిరిగి ఉంది. లేపి కూర్చోబెట్టి జుట్టు చిక్కులు తీస్తుంటే, ఊడిన వెంట్రుకలు దువ్వెన నిండా వచ్చాయి. అబ్బా అని కూడా అనలేదు.

"పనీపాటా చెప్పకుండా పెంచితే ఇంతే. నడుం వంచితే దిగులు దానంతటదే పోతుంది," అంది అత్తయ్య, నేను పెట్టిన కాఫీ నేను కడిగిన గ్లాసులో తాగుతూ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, రెండు వైపులా ఇలాంటి దిగులు ఇంకెవరికైనా ఉండేదా అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్తయ్యే అందుకుంది. "మా వైపు ఎవరూ లేరమ్మా. మా కోడలి తల్లే, ఏళ్ల తరబడి గోడవైపు తిరిగి పడుకుంది." నిజమే. తల దించుకున్నాను. రక్తంలో వచ్చేది కొంతేననీ, ఇంట్లో మాటా మంచీ దాన్ని పెంచనూ గలవు, తగ్గించనూ గలవనీ డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన మొదటి ముక్కే కారుదాకా మోసుకొచ్చాడు. "పుట్టింటి నుంచి ఏమీ తేలేదనుకున్నా. ఇది తెచ్చావన్నమాట."

వెనక సీట్లోంచి పిల్ల అడిగింది. "అమ్మా, నేనూ అమ్మమ్మలాగే అయిపోతానా?"

మా ఆయన కారు వేగం పెంచాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇంటికి రాగానే గదిలోకి పోయి తలుపు మూసుకుంది. పరుగెత్తి తోశాను. తెరుచుకుంది. దానికి లోపలి గడియ లేదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ గది మాదే. గడియ పెట్టించమంటే, "అందరం ఇంట్లోవాళ్లమే, ఎవరి దగ్గర దాపరికం?" అన్నాడు మా ఆయన. అన్నేళ్లూ తలుపుకి కాలు అడ్డం పెట్టి బట్టలు మార్చుకున్నాను.

వెనకే వచ్చిన అత్తయ్య రొప్పుతూ, "ఆ గడియ పీకించి మంచిపని చేశాం. ఒకసారి తలుపు పగలగొట్టింది చాలు," అంది. అని, నాలుక కరుచుకుంది.

మా ఆడపడుచు, నేను కాపురానికి రాకముందే, పదహారేళ్లకే జ్వరమొచ్చి పోయిందని చెప్పేవారు. ఏ జ్వరమో ఎవరూ చెప్పలేదు. తలుపు మీద రంగు కింద గడియ ఊడదీసిన గుంటలు చూశాను. మా ఆయన మొహం చూశాను. ఆసుపత్రిలో కూర్చున్నప్పుడూ ఇతనికి తెలుసు. తెలిసే మా అమ్మని ముందుకు తోశారు.

మధ్యాహ్నం అందరికీ వడ్డించి, ఎప్పుడూ లేనిది, నేనూ వాళ్లతో కూర్చున్నాను.

"అమ్మమ్మ లేచింది తల్లీ," అన్నాను పిల్లతో. "ఏళ్లు పట్టింది గాని లేచింది. మేమెవరమూ ఆమెని ఒక్క మాట అనలేదు. లేవనిది మీ మేనత్త."

అన్నం కలుపుతున్న అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"రేపు ఆసుపత్రికి మళ్లీ రండి అత్తయ్యా. మీ అమ్మాయికి వచ్చిన జ్వరమేంటో మీ నోటితోనే చెప్పండి. లేకపోతే నేను చెబుతాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కూడా కన్నతల్లే. నాకు జాలి రాలేదు. "తినండి, చల్లారిపోతుంది," అన్నాను.

మా ఆయన లేవబోయాడు. నేను చూసిన చూపుకి మళ్లీ కూర్చున్నాడు. పిల్ల తలెత్తి తండ్రి మొహం చాలాసేపు చూసింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుంది.

అందరం తిన్నాం.